నగదున్న చేతికే చౌక సరుకు

కిరాణా కొట్లలో పద్దులు రాస్తూ బతికినవాణ్ణి. గుంటూరు పట్నం బజారులో ఒక హోల్‌సేల్ కొట్టులో గుమాస్తాగా చేరాను. కొరిటెపాడులో ఒక చిల్లర కొట్టులో పని చాలించాను. ఇన్నేళ్లలో ఏ డిస్కౌంటు దుకాణం గడపా తొక్కలేదు. నాకు అన్నం పెట్టిన వ్యాపారానికి పోటీగా వచ్చిన చోట సరుకు కొనడానికి మనసొప్పలేదు. ఇప్పుడు మా షావుకారు కొట్టు కట్టేశారు. ఆయన పిల్లలు బెంగుళూరులో ఉద్యోగాల్లో కుదురుకున్నారు. ఈమధ్య మా అమ్మాయి, "నాన్నా, ఈ నెల సరుకులకు నాతో రండి, మీరే చూసి చెబుదురుగాని" అని పట్టుబడితే మొదటిసారి వెళ్లాను.

చూశాక నాకు తేలింది ఇది. అక్కడ ధరలు నిజంగానే తక్కువ. కానీ ఆ తక్కువ ధర అందేది ఒకటో తారీఖున నాలుగైదు వేలు ఒక్కసారిగా తీసి ఇవ్వగలిగిన ఇంటికి మాత్రమే. అదే ఊళ్లో, అదే కందిపప్పుకు, రోజుకు ఇరవై రూపాయల పప్పు కొనుక్కునే ఇల్లు కిలోకు దాదాపు ముప్పై రూపాయలు ఎక్కువ కడుతోంది. తక్కువ సంపాదించేవాళ్లు ఎక్కువ ధర కట్టడం మనకు ఎంత అలవాటైపోయిందంటే దాన్ని ఎవరూ అన్యాయం అనడం లేదు. నేను అంటున్నాను. దాన్ని తగ్గించే దారులు కూడా ఉన్నాయి.

ముందు దుకాణం సంగతి. లోపల అలంకారం ఏమీ లేదు. ఇనప రాకులు, వాటి మీద అట్టపెట్టెలు పైమూత కోసి అలాగే పెట్టేశారు. సరుకు తీసి, తుడిచి, వరసగా పేర్చే మనిషి కూలి అక్కడే మిగిలింది. ఒక్కో సరుకులో రెండు మూడు కంపెనీలే ఉన్నాయి. మా కొట్టులో పళ్లపొడి, పేస్టు కలిపి పద్నాలుగు రకాలు పెట్టేవాళ్లం. వాటిలో సగం నెలల తరబడి కదిలేవి కావు. సరుకు కదలకపోతే డబ్బు కదలనట్టే, ఆ డబ్బు మీద వడ్డీ మాత్రం కదులుతూనే ఉంటుంది. ఈ దుకాణంలో దుమ్ము పట్టిన పాకెట్ కోసం వెతికాను, దొరకలేదు. పప్పుల దగ్గర మేము నిలబడి ఉండగానే ఒక కుర్రాడు బండెడు పాకెట్లు తెచ్చి సర్దాడు. మేము పంచదార తీసుకుని వెనక్కి వచ్చేసరికి ఆ అర మళ్లీ పలచబడింది.

కందిపప్పు పాకెట్ ఒకటి వెలుతురుకు పట్టి చూశాను. నూక లేదు, పొట్టు లేదు, గింజ ఒక్క సైజులో ఉంది. మొదటి రకం కాదు గానీ మంచి రెండో రకం. మినప గుళ్లు మాత్రం తెనాలి మిల్లు సరుకుకు సరితూగవు. నానబెడితే ఎంత పిండి అవుతుందో చూడకుండా మా ఆవిడ ఒప్పుకోదు, అందుకని అవి తీసుకోలేదు. చింతపండు బాగుంది, గింజ తీసినది. బియ్యం జోలికి పోలేదు. మేము ఎప్పటినుంచో బస్తా మిల్లు దగ్గరే తెచ్చుకుంటాం. ఇప్పుడది 26 కిలోల బస్తా. బస్తా 25 నుంచి 26 ఎందుకు అయిందో వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా పాకెట్ చేసి ముద్ర వేసిన బియ్యానికి, పప్పుకు 5 శాతం జీఎస్టీ పెట్టారు. పాతిక దాటితే లేదు. ఒక్క కిలో కలిపి మిల్లులు పన్ను తప్పించాయి. నెలకు ఒక బస్తా కొనగలిగిన మాబోటి ఇళ్లకు ఆ మినహాయింపు దక్కింది. అయిదు కిలోల సంచి కొనే ఇంటికి దక్కలేదు. నేను చెప్పదలచుకున్న అన్యాయం పన్నులో కూడా ఇలా కనబడుతుంది.

సబ్బు పొడుల దగ్గర ఒకావిడ రెండు పాకెట్లు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. నా జేబులో పెన్సిలు, చేతిలో చీటీ చూసిందేమో, "బాబాయ్, ఈ రెండిట్లో ఏది తక్కువ పడుద్ది?" అని అడిగింది. ఒకటి కిలోన్నర పాకెట్. ఎంఆర్‌పీ 210, దుకాణం ధర 177. ఇంకోటి 700 గ్రాములు. ఎంఆర్‌పీ 105, దుకాణం ధర 79. పాకెట్ వెనక సన్న అక్షరాల్లో యూనిట్ ధర కూడా వేసి ఉంది. పెద్దదాని మీద కిలోకు 140 రూపాయలు అని, చిన్నదాని మీద గ్రాముకు 0.15 రూపాయి అని. ఒకటి కిలోల్లో, ఇంకోటి గ్రాముల్లో! గ్రాముకు పదిహేను పైసలంటే కిలో 150. ఆ లెక్కన పెద్ద పాకెట్టే చౌక అనిపిస్తుంది. కానీ అవి ఎంఆర్‌పీ మీద కట్టిన లెక్కలు. దుకాణం అమ్మే ధరల మీద కడితే పెద్దది కిలో 118 పడుతుంది, చిన్నది 113 కూడా పడదు. చిన్న పాకెట్లు రెండు తీసుకోమని చెప్పాను. ఆమె తీసుకుంది. పక్కన ఇంకో ఇద్దరు వింటూ నిలబడి వాళ్లు కూడా చిన్నవే వేసుకున్నారు.

ఈ యూనిట్ ధర మనకు చట్టం ఇచ్చిన హక్కే. 2021 నవంబరులో పాకెట్ సరుకుల నిబంధనలను కేంద్రం సవరించింది. అంతకుముందు నూనె, బిస్కెట్లు, సబ్బు పొడి, టీపొడి లాంటి సరుకులు నిర్ణయించిన తూకాల్లోనే రావాలని ఉండేది. ఆ కట్టుబాటు ఎత్తేశారు. బదులుగా కిలోకు మించిన పాకెట్ మీద కిలోకు ఎంతో, తక్కువైతే గ్రాముకు ఎంతో వేయాలన్నారు. తూకం విషయంలో కంపెనీకి ఇచ్చిన స్వేచ్ఛ పూర్తిగా అమల్లోకి వచ్చి కూర్చుంది. అందుకే లీటరు నూనె పాకెట్ అనుకుని తీసుకున్నది 850 గ్రాములు ఉంటుంది, పక్కది 910 ఉంటుంది. కొనేవాళ్లకు ఇచ్చిన సమాచారం మాత్రం కళ్లద్దాలు పెట్టుకున్నా కనిపించనంత సన్నగా, పోల్చుకోవడానికి వీల్లేని కొలతల్లో వచ్చింది. రాకు మీద ధర చీటీలో కిలోకు లేదా లీటరుకు ఎంత పడుతుందో, దుకాణం నిజంగా అమ్మే ధర మీద, పెద్ద తెలుగు అక్షరాల్లో రాయాలని ప్రభుత్వం నియమం పెట్టాలి. డిస్కౌంటు దుకాణానికి ఇది కష్టమేమీ కాదు. ధరలన్నీ కంప్యూటరులోనే ఉన్నాయి, చీటీలు అచ్చయ్యేది అందులోంచే. తూనికలు కొలతల శాఖ వాళ్లు కాటాలకు ముద్ర వేయడానికి ఏటా తిరుగుతూనే ఉంటారు. అదే తిరుగుడులో ఈ చీటీలు కూడా చూడవచ్చు.

ఇక బిల్లు. మొత్తం 4,210 రూపాయలు అయింది. అడుగున పెద్ద అక్షరాల్లో మీరు ఆదా చేసింది 1,140 రూపాయలు అని వచ్చింది. మా అమ్మాయి దాన్ని చూపించి సంతోషపడింది. ఇంటికొచ్చాక ఆ బిల్లు ముందు పెట్టుకుని, మా వీధి కొట్టులో అవే సరుకులకు ఆ రోజు ధరలు అడిగి, పాత అలవాటు ప్రకారం రెండు గడులు గీసి రాశాను. వీధి కొట్టులో 4,590 అయ్యేది. అంటే మాకు నిజంగా మిగిలింది 380. మిగతా 760 ఎంఆర్‌పీకి, వీధి కొట్టు ధరకు మధ్య ఉన్న తేడా. ఆ తేడా ఏ కొట్టుకు వెళ్లినా మాకు మిగిలేదే. పప్పులు, చింతపండు పాకెట్ల మీద ఎంఆర్‌పీ అంటే పాకెట్ చేసినవాళ్లు వేసుకున్న అంకె. కిలో కందిపప్పు పాకెట్ మీద 190 వేసి 125కు అమ్మితే అరవై అయిదు మిగిలినట్టు బిల్లు చెబుతుంది. మా వీధిలో విడిపప్పు కాటా వేసి 130కి ఇస్తున్నారు. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న పైహద్దు. ఆదాకు అది కొలత కాదు. కొనేవాళ్లు ఆ 1,140 అంకెను పక్కన పెట్టి, తమ వీధి ధరతో పోల్చుకుని చూసుకోవాలని నా విన్నపం.

అయినా 380 రూపాయలు తక్కువ కాదు. నెలనెలా మిగిలితే ఏడాదికి నాలుగున్నర వేలు. అది ఎక్కడ మిగిలిందో కూడా విడదీశాను. 270 రూపాయలు సబ్బులు, సబ్బు పొడి, పేస్టు, బిస్కెట్లు, టీపొడి దగ్గర వచ్చాయి. నూనెలో 60. పప్పు, పంచదార, చింతపండు అన్నీ కలిపి 50. అంటే పొలంలోంచి వచ్చిన సరుకులో తేడా దాదాపు లేదు. ఫ్యాక్టరీలోంచి వచ్చిన సరుకులోనే ఉంది. ఇది నాకు ఆశ్చర్యం కలిగించలేదు. పప్పు బస్తా ధర పట్నం బజారులో అందరికీ ఒకటే, పెద్దవాడికి బస్తాకు పదో ఇరవయ్యో తగ్గుతుంది, అంతే. సబ్బు సంగతి అలా కాదు. కంపెనీ ఎవరికి ఎంతకు ఇస్తుందో కంపెనీకే తెలుసు.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చూస్తే గౌరవం కలిగే విషయాలు ఉన్నాయి. దేశంలో దీనికి పెద్ద ఉదాహరణ డీమార్ట్. షేర్ మార్కెట్లో పేరున్న రాధాకిషన్ దమానీ 2002లో ముంబయి పవాయ్‌లో మొదటి దుకాణం తెరిచారు. 2017 మార్చిలో షేరు 299 రూపాయల చొప్పున జనానికి అమ్మారు. 2025 మార్చి ఆఖరుకు 415 దుకాణాలయ్యాయి. చాలా దుకాణాలకు స్థలం సొంతం, అద్దె బాధ లేదు. కొన్న ధరకు, అమ్మిన ధరకు మధ్య నూటికి సుమారు 15 రూపాయలు మిగుల్చుకుని, జీతాలు, కరెంటు, పన్నులు అన్నీ పోగా అయిదు రూపాయల దరిదాపు లాభం చూస్తారు. అన్నిటికంటే నాకు నచ్చిన పద్ధతి, సరుకు ఇచ్చినవాళ్లకు నెలల తరబడి తిప్పకుండా త్వరగా డబ్బు కట్టేయడం. నగదు చేతిలో పెట్టినవాడికి తగ్గింపు ఇవ్వడం మా వ్యాపారంలో ఎప్పటినుంచో ఉన్నదే. పట్నం బజారులో మా హోల్‌సేల్ కొట్టులో కూడా అదే రోజు కట్టేవాళ్లకు ఒక ధర, పదిహేను రోజులకు కట్టేవాళ్లకు ఇంకో ధర ఉండేది. ఆ తేడా వడ్డీయే, పేరు మాత్రం వేరు. డిస్కౌంటు దుకాణానికి ఈ చివర కొనేవాడు నగదు ఇస్తున్నాడు, ఆ చివర కంపెనీకి నగదు పోతోంది. మధ్యలో అరువు అనేది లేదు. తక్కువ ధరకు మూలం అదే.

మా చిల్లర కొట్టులో అరువే వ్యాపారం. నేను రాసిన ఖాతా పుస్తకాల్లో సగం ఇళ్లు తాపీ పనివాళ్లవి, ఆటో తోలేవాళ్లవి, మిర్చి యార్డులో ముఠా పనికి వెళ్లేవాళ్లవి. పొద్దున్నే ఒక తాపీ మేస్త్రీ భార్య వచ్చేది. ఇరవై రూపాయల కందిపప్పు, పది రూపాయల చింతపండు, అయిదు రూపాయల జీలకర్ర, ఒక చిన్న నూనె పాకెట్, రెండు షాంపూ పాకెట్లు. "రాసుకో అన్నయ్యా, బట్వాడా రాంగానే ఇస్తా" అనేది. బట్వాడా శనివారం సాయంత్రం. ఆమె మాట తప్పిన మనిషి కాదు. వర్షాలకు పని లేని వారాల్లో మాత్రం పద్దు పక్క పేజీకి పోయేది, ఒకోసారి ఆ పక్క పేజీకి కూడా.

ఆమెకు ఆ ఇరవై రూపాయలకు మేము కట్టిచ్చిన పప్పు 130 గ్రాములు. కిలో లెక్కన 154 పడుతుంది. డిస్కౌంటు దుకాణంలో అదే డబ్బుకు 160 గ్రాములు వస్తుంది. ఆ ముప్పై గ్రాములు మా షావుకారు తినేశారని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. బయట అరువు ఎప్పుడూ లక్షన్నరకు తగ్గేది కాదు. ఆ సొమ్ముకు ఆయన నూటికి రెండు రూపాయల వడ్డీ కట్టేవారు. నెలకు మూడు వేలు. ఊరు మారిపోయినవాళ్ల మొండి బాకీలు వేరు. అంత చిన్న పొట్లాలు కట్టడానికి కాగితం, మనిషి, పొద్దు వేరు. ఆ ఖర్చంతా సరుకు ధరలోకే చేరుతుంది. అరువు తీసుకోనివాడి మీద వేస్తే వాడు డిస్కౌంటు దుకాణానికి పోతాడు. కాబట్టి రానురాను అది అరువు తీసుకునేవాళ్ల మీదే పడుతుంది. నగదున్న ఖాతాదారులు ఒక్కొక్కరే పెద్ద దుకాణం వైపు వెళ్లిపోయాక మా కొట్టులో మిగిలింది అరువు పద్దులే. అలా మిగిలిన కొట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది?

షాంపూ దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. చిన్న పాకెట్లో మిల్లీలీటరు ధర సీసాలోకంటే తక్కువ పడటం చాలాసార్లు చూశాను. పేదవాడు రెండు రూపాయలకు కొనగలగాలి, లేకపోతే అసలు కొనడు అని కంపెనీలకు తెలుసు, అందుకని ధర అలా కట్టారు. చిన్న మొత్తంలో కొనేవాళ్లకు తక్కువ ధరకు అమ్మడం కుదరదని ఎవరన్నా అంటే ఈ షాంపూ పాకెట్ చూపించండి.

కొందరు పెద్దలు చిన్న కొట్లను కాపాడాలంటే పెద్ద దుకాణాలను ఆపాలంటారు. నేను ఆ పక్షం కాదు. నాలుగున్నర వేలు మిగిలే చోటికి వెళ్లొద్దని ఏ మధ్యతరగతి ఇల్లాలికి చెప్పగలం? ఆపాల్సింది వేరే ఉంది. ఒకే సబ్బును కంపెనీ పెద్ద దుకాణానికి ఒక ధరకు, డిస్ట్రిబ్యూటరు ద్వారా వీధి కొట్టుకు ఇంకో ధరకు ఇస్తోంది. నా బిల్లులో 270 రూపాయల తేడా అక్కడిదే. చిన్న కొట్టుకు డిస్ట్రిబ్యూటరు ఇచ్చే ధర కంటే డిస్కౌంటు దుకాణంలో అమ్మే ధర తక్కువగా ఉన్న సరుకులు నేను రాసుకున్న చీటీలోనే మూడు ఉన్నాయి. చిన్న కొట్టువాళ్లు ఆ దుకాణంలోనే కొని తెచ్చి తమ కొట్టులో పెట్టుకోవడం గుంటూరులో రహస్యం కాదు. 2021 డిసెంబరులో అఖిల భారత డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్య పెద్ద కంపెనీలకు ఇలాంటి ఫిర్యాదే రాసింది. అందరికీ ఒకే ధర ఇవ్వకపోతే జనవరి నుంచి సహకరించబోమని చెప్పింది. అమెరికాలో ఈ తగాదా మనకంటే చాలా ముందే వచ్చింది. 1936లోనే రాబిన్సన్‌-పాట్‌మన్ చట్టం చేసి, ఒకే సరుకును పోటీలో ఉన్న ఇద్దరికి రెండు ధరలకు అమ్మి చిన్నవాణ్ణి దెబ్బతీయకూడదన్నారు. పెద్ద మొత్తంలో పంపినప్పుడు నిజంగా మిగిలే రవాణా, తయారీ ఖర్చు మేరకు తగ్గించవచ్చు, అంతకు మించి కాదు. ఆ చట్టాన్ని అక్కడ చాలా ఏళ్లు మూలన పెట్టేశారు. 2024 డిసెంబరులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మళ్లీ బయటికి తీసి దాని కింద ఒక పెద్ద మద్యం పంపిణీ సంస్థ మీద కేసు వేసింది. ఖర్చు మేరకు తేడా, అంతే అన్న సూత్రం మనకూ కావాలి. ఇది కొట్లమీద జాలితో అడిగేది కాదు. చిన్న కొట్టుకు సబ్బు తక్కువకు దొరికితే మేస్త్రీ భార్యకు కూడా తక్కువకు దొరుకుతుంది.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు కూడా. ఒక వీధిలో పది కొట్లు కలిసి ఒకే ఆర్డరు పెడితే డిస్ట్రిబ్యూటరు దిగొస్తాడు. పట్నం బజారులో పప్పు బస్తాలు ఇద్దరు ముగ్గురు కలిసి లారీ లోడు దింపుకుని పంచుకోవడం నేను చేయించిన పనే. సబ్బుల్లో ఎందుకు చేయలేరు? పక్క కొట్టువాడు పోటీదారు అన్న పాత లెక్క మన కొట్లవాళ్లు వదులుకోవాలి. ఇప్పుడు పోటీ పక్క కొట్టుతో కాదు.

కలిసి కొనడం అనే ఆలోచన కొత్తదీ కాదు, పరాయిదీ కాదు. 1844 డిసెంబరు 21న ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊళ్లో నేతపనివాళ్లు, ఇతర కూలీలు 28 మంది తలా ఒక పౌను వేసుకుని కొట్టు తెరిచారు. పిండి, వెన్న, పంచదార, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు, మొదటిరోజు సరుకు అంతే. సరైన తూకం, కల్తీ లేని సరుకు, లాభం కొన్నవాళ్లకే పంపకం. ప్రపంచంలో సహకార దుకాణాలు ఆ దారినే పట్టాయి. మన దేశంలో 1948లో ముంబయి నాయిగావ్‌లో మొదలైన అప్నా బజార్ అలాంటిదే. డీమార్ట్ పెట్టక ముందు దమానీ వ్యాపారం నేర్చుకున్నది కూడా ఆ అప్నా బజార్ ఫ్రాంచైజీ ఒకటి తీసుకుని నడిపే. చౌకగా అమ్మే విద్య సహకార దుకాణంలోంచి ఆయన తీసుకున్నారు. సహకార దుకాణాలవాళ్లు మాత్రం దాన్ని నిలుపుకోలేకపోయారు. మన ఊళ్లలో సూపర్ బజార్లు ఎలా వెలవెలబోయాయో నా వయసువాళ్లంతా చూశారు. అక్కడి ఉద్యోగులకు అమ్మినా అమ్మకపోయినా ఒకటే, సరుకు ఇచ్చినవాడికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. కేరళలో 1974 నుంచి ఉన్న సప్లైకో మావేలి స్టోర్లలో 13 రకాల సరుకులు సబ్సిడీ మీద అమ్ముతారు. అంత పేరున్న సంస్థ కూడా సరఫరాదారుల బకాయిలు పేరుకుపోయి 2023లో అరలు ఖాళీగా పెట్టుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వం దుకాణం పెడితే చాలదు, కట్టాల్సినవాడికి వేళకు కట్టాలి. ఈ ఒక్క క్రమశిక్షణ డిస్కౌంటు వ్యాపారుల దగ్గర నేర్చుకుంటే సగం రోగం కుదురుతుంది.

రాచ్‌డేల్ వాళ్ల నియమాల్లో ఒకటి నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. అరువు లేదు, నగదుకే సరుకు. కూలీలు తమకోసం తాము పెట్టుకున్న కొట్టు కూడా అరువు మోయలేనని తేల్చుకుంది. గుమాస్తాగా నాకు అందులో నిజం కనబడుతుంది. కొట్టు పని సరుకు అమ్మడం. అప్పు ఇవ్వడం బ్యాంకు పని. ఈ రెండూ ఒకే చోట కలిసినందువల్లే మేస్త్రీ భార్య పప్పులో వడ్డీ కూడా కొంటోంది, ఎంత వడ్డీ కడుతోందో కూడా ఆమెకు తెలియదు. వాటిని విడదీయాలి.

విడదీసే సాధనం మన చేతిలో ఉంది. డ్వాక్రా సంఘాలు ఊరూరా ఉన్నాయి. గ్రామాల్లో పొదుపు సంఘాలకు 3 లక్షల దాకా అప్పు ఏడాదికి 7 శాతం వడ్డీకి బ్యాంకులు ఇస్తున్నాయి. మన లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు అరవై పైసలు కూడా కాదు. మా షావుకారు కట్టింది నూటికి రెండు రూపాయలు. పట్టణాల్లోనూ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద సంఘాలు ఉన్నాయి. పదిమంది సభ్యులున్న సంఘం ఒకటో తారీఖున ముప్పై వేలు తీసి, పదిళ్లకు నెల సరుకులు ఒక్కసారి కొని, వారం వారం బట్వాడా రోజున తలా ఏడెనిమిది వందలు వసూలు చేసుకుంటే ఆ ముప్పై వేల మీద అదే 7 శాతం లెక్కన వడ్డీ నెలకు నూట డెబ్బై అయిదు. ఇంటికి పద్దెనిమిది రూపాయలు మించదు. తగ్గింపు ఇంటికి రెండు మూడు వందలకు తక్కువ రాదు. సరుకు డిస్కౌంటు దుకాణంలో కొంటారా, పట్నం బజారులో బస్తాలు దించుకుంటారా, వీధి కొట్టుతోనే నగదు ధర మాట్లాడుకుంటారా అన్నది వాళ్ల ఇష్టం. ముప్పై వేల నగదు ఆర్డరు వస్తే ధర తగ్గించని కొట్టు గుంటూరులో ఉండదు.

ఈ లెక్క కాగితం మీద రాసుకుని ఆ మేస్త్రీ భార్యకు చూపించాను. ఇప్పుడామె ఇంకో కొట్టులో ఖాతా నడుపుతోంది. అంతా విని ఒక్కటే అడిగింది. "బాగానే ఉంది అన్నయ్యా. వానలకు పని లేక బట్వాడా రాని వారం సంఘంలో ఏం చెప్పాలి? కొట్టులో అయితే నోరు తెరిచి అడగొచ్చు. పదిమంది ఆడవాళ్ల ముందు నావల్లే బాకీ పడిందనిపించుకోలేను."

దీనికి జవాబు లేకుండా సంఘాలకు ఈ పని అప్పగిస్తే నిలవదు. నా లెక్కలో జవాబు ఇది. తగ్గింపులో మిగిలిన దాంట్లోంచి ఇంటికి నెలకు యాభై రూపాయలు వేరే పెట్టాలి. పదిళ్లు ఏడాది పెడితే ఆరు వేలు. జూలై నుంచి అక్టోబరు దాకా పని తగ్గే నెలల్లో ఏ ఇల్లు వాయిదా కట్టలేకపోయినా ముందు ఆ నిధిలోంచి కట్టాలి, ఆమె పేరు మీటింగులో చదవకూడదు, పుస్తకం రాసేవాళ్లకు తెలిస్తే చాలు. మొదటి ఏడాది నిధి చేరేదాకా ఆ ఆరు వేలు మెప్మా ముందుగా వేయాలి. ఒక సంఘానికి ఆరు వేలు ప్రభుత్వానికి భారం కాదు. ఈ వర్షాలకు ముందే గుంటూరులో ఒక వార్డులో పెట్టి చూడమని అధికారులను అడుగుతున్నాను. పద్దులు ఎలా రాయాలో సంఘాల ఆడపడుచులకు నేర్పడానికి నేను వస్తాను, జీతం అక్కర్లేదు.